చదవని కాగితం మీద సంతకం

ఆ సినిమాలో హీరో హీరోయిన్‌ను జుట్టు పట్టుకుని ఈడ్చినప్పుడు చిత్తూరు థియేటర్లో జనం లేచి నిలబడి ఈలలు వేశారు. నా వెనక వరసలో ఒకాయన "ఇంకో రెండు తగిలించబ్బా దానికి" అని అరిచాడు. నా పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఇంటర్వెల్‌లో కొన్న బఠానీల పొట్లం ఆయన చేతిలో అట్లాగే ఉంది, ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు.

హీరోయిన్ ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ పెట్టారు. అట్లాంటి మచ్చే నా ఎడమ ముంజేతి మీద ఉంది. ఆ రోజు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఉన్నాను కాబట్టి థియేటర్లో ఎవరికీ తెలియలేదు. మా ఆయనకు తెలుసు. మా ఊరు ఐరాలలో మా వీధికంతా తెలుసు.

సినిమా కథ చెప్పాలంటే ఇంతే. పరాయి దేశంలో చిక్కుకుపోయిన ఇద్దరు. ఒక ఇంట్లో ఆమె పనిమనిషి, పక్కింట్లో అతను డ్రైవరు. ఇద్దరికీ ఆ దేశం కొత్త, ఒకరి భాష ఒకరికి రాదు. ప్రేమించుకుంటారు. ఇసుకలో పాట ఉంది, కార్లు తరుముకోవడం ఉంది. పోలీసులకు దొరికాక ఆ పిల్ల తాను బయటపడటం కోసం "ఇతనే నన్ను ఎత్తుకొచ్చాడు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి, అతణ్ణి జైల్లో వదిలేసి, నవ్వుకుంటూ విమానం ఎక్కుతుంది. రెండో సగమంతా అతని పగ. జైలు నుంచి బయటపడి, చిత్తూరు జిల్లాలో ఆమె ఊరు వెతుక్కుంటూ వస్తాడు. జనం ఈలలు వేసింది అక్కడే.

ఆ కథలో చాలా భాగం నాది. నవ్వు నాది కాదు. దాన్ని ఎవడు తెచ్చి అతికించాడో నాకు తెలుసు. ఇది వాడి గురించి, వాడికి నేను చేసినదాని గురించి.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాయన చెరకు వేసి బెల్లం వండేవాడు. బోరు ఎండిపోయి గానుగ ఆగిపోయాక, పెళ్ళి కాకముందే, నేను ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాను. వెళ్ళిన రోజే ఆ ఇంటి యజమానురాలు నా పాస్‌పోర్ట్ తీసుకుని బీరువాలో పెట్టింది. ఒకసారి ఆమె సిల్కు గౌను మీద ఇస్త్రీపెట్టె కొంచెం ఎక్కువసేపు ఆనింది. ఆమె అరవలేదు. అదే ఇస్త్రీపెట్టె తీసి నా చేతికి ఆనించింది.

పక్కింటి డ్రైవరు నేపాల్ మనిషి. పొద్దున నేను చెత్త సంచులు బయట పెట్టే వేళకు అతను కారు తుడుస్తూ ఉండేవాడు. నాకు హిందీ ముక్కలు ముక్కలుగా వచ్చు, అతనికీ అంతంత మాత్రమే. నా చేతికి కట్టిన గుడ్డ చూసి, మర్నాడు మందు ట్యూబు తెచ్చి చెత్తడబ్బా మూత మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్లో వాళ్ళ ఊరి కొండలు చూపించాడు. మీ కొండలు ఇంత ఎత్తు ఉంటాయా అన్నాడు. తిరుమల కొండల్ని తక్కువ చేసినట్టు అనిపించి నాకు కోపం వచ్చి, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే మాట్లాడాను. ఇష్టం అనే మాట మేమిద్దరం ఎప్పుడూ అనలేదు.

ఎండాకాలంలో ఆ ఇంటివాళ్ళు వేరే దేశానికి సెలవులకు పోతూ నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోయారు. ఇంట్లో ఉన్న బియ్యం, ఎర్రగడ్డలు పన్నెండు రోజులు వచ్చాయి. ఆ తర్వాత అతను గోడ మీదుగా రొట్టెల పొట్లాలు విసిరేవాడు. వాళ్ళు ఇంకో నెల దాకా రారని తెలిసిన రోజు, మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేని ఎండలో, గోడకు నిచ్చెన వేసి నన్ను దించాడు. తన యజమాని కారులోనే ఊరి ఆ చివర ఒక ఇంటికి తీసుకుపోయాడు. దిక్కులేని ఆడపనివాళ్ళను ఒక చర్చి సిస్టరు అక్కడ పెట్టుకుని చూసేది. గేటు దగ్గర దించి, "ఆదివారం వస్తాను" అన్నాడు.

ఆదివారం అతను రాలేదు. మంగళవారం పోలీసులు వచ్చారు. యజమానికి చెప్పకుండా కారు తీసుకుపోయినందుకు అతణ్ణి పట్టుకున్నారని స్టేషన్‌లో తెలిసింది. హిందీ తెలిసిన ఒక గుమాస్తా నా ముందు కాగితం పెట్టాడు. అంతా అరబ్బీ. "ఇక్కడ సంతకం పెట్టు. పాస్‌పోర్ట్ వస్తుంది, ఇంటికి పోతావు" అన్నాడు. "డ్రైవరు?" అని అడిగాను. "అతని సంగతి వేరే" అన్నాడు. నేను తెలుగులో సంతకం పెట్టాను. తొమ్మిది రోజులకు పాస్‌పోర్ట్ వచ్చింది. అతను ఏమయ్యాడో సిస్టరుకూ తెలియలేదు.

ఆ కాగితంలో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు.

తిరిగొచ్చి కుట్టుపని నేర్చుకున్నాను. మా మేనమామ కొడుకును చేసుకున్నాను. ఆయన బెల్లం, మామిడికాయలు చిత్తూరు మండీకి తోలే చిన్న ట్రక్కు నడుపుతాడు. డ్రైవరు ఒకాయన నన్ను కాపాడాడని ఆయనకు చెప్పాను. కాగితం సంగతి చెప్పలేదు. చెత్తడబ్బా దగ్గరి మాటలు చెప్పలేదు.

ఆ రెండూ నేను చెప్పింది ఒక్కడికే. వాడు మా వీధి చివరింటి పెద్దమ్మ కొడుకు, నాకంటే రెండేళ్ళు చిన్న. అక్కా అక్కా అని నా వెంట బడికి నడిచినవాడు. హైదరాబాదులో సినిమావాళ్ళ దగ్గర పని నేర్చుకుంటున్నానని చెప్పి, జాతరకు ఊరికొచ్చి, మూడు మధ్యాహ్నాలు నా కుట్టుమిషన్ పక్కన కూర్చున్నాడు. ఫోన్ రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచాడు. నేను కుడుతూ చెబుతూ పోయాను. అన్నేళ్ళుగా ఎవరూ అడగని సంగతి ఒకడు అడిగితే, చెప్పడంలో ఎంత సుఖం ఉంటుందో అప్పుడు తెలిసింది. కాగితం దగ్గరికి వచ్చాక మిషన్ ఆపాను.

"ఇది మాత్రం నీ సినిమాలో పెట్టొద్దురా. ఆ డ్రైవరు ఆయప్పను నేనే ముంచినానేమో అని నాకు ఎప్పుడూ అనుమానమే. ఇది నా కడుపులోది" అన్నాను.

వాడు ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "మా యమ్మ తలమీద ఒట్టు అక్కా. పెట్టను."

నాలుగేళ్ళ తర్వాత వాడు తీసిన సినిమా వచ్చింది. టీవీలో ఇంటర్వ్యూ ఇస్తూ, "మా ఊళ్ళో ఒక అక్క జీవితంలో జరిగిందే ఇది" అన్నాడు. ఆ మాట పోస్టరు కంటే బాగా పనిచేసింది. ఐరాల నుంచి జనం బస్సులెక్కి చిత్తూరు పోయి చూసొచ్చారు. పెళ్ళి జాకెట్లకు గుడ్డలిచ్చిన ఒకామె వచ్చి, కత్తెర పెట్టకముందే వాటిని వెనక్కి తీసుకుంది. "ఏమీ అనుకోవద్దుమే, పెండ్లి గుడ్డలు కదా" అంది. బస్టాండులో నేను పోతుంటే ఎవరో "సంతకం పోతావుండాది సూడు" అన్నారు. ఆ పేరు నాకు అతుక్కుంది.

మా ఆయన తిట్టలేదు, కొట్టలేదు. సినిమా చూసొచ్చిన నాలుగో రోజు, అన్నం తింటూ తలెత్తకుండా ఒకటే అడిగాడు.

"విమానం ఎక్కేటప్పుడు నవ్వినావా?"

"ఏడ్చే దానికి కూడా ఓపిక లేదు మామా" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య మాటలంటే, ఉప్పు తక్కువైంది, కరెంటు పోయింది, అంతవరకే.

ఆ రోజుల్లో నేనేం ఆలోచించానో దాచుకోను. మిషన్ తొక్కుతున్నంతసేపూ వాణ్ణే తలుచుకునేదాన్ని. వాడి కాలు విరగాలనుకున్నాను. వాడి సినిమా డబ్బాలు తగలబడాలనుకున్నాను, సినిమాలు ఇప్పుడు డబ్బాల్లో రావని తెలిసి కూడా. పదిసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ పెట్టాడు: "అక్కా, అది ఫిక్షన్. ఫీలవకు." ఫిక్షన్ అంటే కల్పన అని నాకు తెలుసు, ఇంటర్ దాకా చదివినదాన్నే. కల్పన అయితే మచ్చ నాదెందుకు? ఆ ఒక్క ప్రశ్న నన్ను నిలబెట్టింది. మచ్చ నాదని అందరూ నమ్మారు కాబట్టే నవ్వు కూడా నాదని నమ్మారు. ఆ నవ్వు వాడిదని వాడి నోటితోనే, నన్ను ఎరిగిన జనం ముందే చెప్పించాలి. ఇంకేదీ నాకు సరిపోదు.

తిరుపతిలో ఒక కాలేజీలో ఆ దర్శకుడితో పిల్లల ముఖాముఖి అని ఫోన్లో పోస్టరు తిరిగింది. నేను కొత్త జాకెట్టు కుట్టుకున్నాను. చేతులు మోచేతికి పైనే ఆగేలా కుట్టుకున్నాను. చిత్తూరులో బస్సెక్కి పాకాల మీదుగా తిరుపతి చేరాను. గేటు దగ్గర మీరెవరమ్మా అంటే డైరెక్టరు గారి అక్కను అన్నాను. వాడు చిన్నప్పటి నుంచీ నన్ను పిలిచింది అలాగే. లోపలికి పంపారు.

హాలు నిండా పిల్లలు. వాడు వేదిక మీద సోఫాలో, నల్లటి చొక్కాలో కూర్చుని ఉన్నాడు. మన యాస పోయి, హైదరాబాదు టీవీ మాట వచ్చింది వాడికి. ఒక అమ్మాయి మైకులో అడిగింది: "సార్, హీరోయిన్‌నే విలన్ చేయాలని ఎలా అనిపించింది?"

వాడు నవ్వి, "నిజ జీవితం మన ఊహ కంటే క్రూరంగా ఉంటుందమ్మా. ఆమె నాకు స్వయంగా చెప్పిన విషయం అది" అన్నాడు.

ఆ మాట విన్నాక లేచాను. ఆ అమ్మాయి పక్కకు పోయి మైకు అడిగి తీసుకున్నాను.

"నన్ను గుర్తు పట్టినావా?"

వాడు కళ్ళు చికిలించి చూశాడు. మొహం మారింది. "అక్కా... మనం తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత కాదు. ఈడే." నేను చెయ్యెత్తి, మచ్చ కనిపించేలా పిల్లల వైపు తిప్పాను. "సినిమాలో ఈ మచ్చ సూసినారు కదా బిడ్డలారా. అది నాదే. సంతకం పెట్టింది కూడా నేనే. అరబ్బీ కాగితం. దాంట్లో ఏముండాదో నాకు తెలీదు. ఈయప్పకు నేను సెప్పింది అది. తెలిసే పెట్టినానని, నవ్వినానని నేను సెప్పినానంట. సెప్పింటే, కాణిపాకానికి వచ్చి ప్రమాణం సెయ్యమనండి. వాడు సేస్తే నేను ఈ జిల్లా విడిచి పోతా."

మా వైపు పిల్లలకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల తగాదా అయినా, కోర్టులో తేలనిది కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణంతో తేలుతుంది. కోర్టులో నిబ్బరంగా అబద్ధం ఆడినవాళ్ళు కూడా అక్కడికొచ్చి నోరు పెగలక నిలబడిపోవడం నేను చిన్నప్పుడు విన్నాను. వంద ఫోన్లు పైకి లేచాయి. వాడు సీసా మూత తీసి నీళ్ళు తాగాడు. తాగేటప్పుడు గొంతు ముడి కిందికీ పైకీ పోయింది. అది నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. తలుచుకున్నప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది.

నిర్వాహకులు మర్యాదగానే నన్ను బయటికి తీసుకొచ్చారు. బస్సు చిత్తూరు చేరకముందే ఆ వీడియో నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది.

మర్నాడు వాడే ఫోన్ చేశాడు. యాస తిరిగొచ్చింది. "అక్కా, తప్పయింది. వచ్చే సినిమాలో కథ అని నీ పేరు ఏస్తా. తెరమీద పెద్ద అచ్చరాలతో."

"నా పేరు వద్దురా. నీ నోరు కావాల" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నేను చిన్నప్పుడు ఆమె ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. గడప దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా బిడ్డను బజారుకు ఈడ్చినావు కదమ్మే."

"నన్ను థియేటర్లకంతా ఈడ్చినాడు కదా పెద్దమ్మా."

"ప్రమాణం మాత్రం వద్దే. వాడు సిన్నప్పటి నించీ నోటికొచ్చింది సెప్పేస్తాడు. ఆడ పోయి అబద్ధం ఆడితే ఏమవుతాడో నాకు బయ్యంగా ఉండాది."

అప్పుడు నేనొక మాట చెప్పకుండా ఉండి ఉండొచ్చు. ఆమె నాకేం అపకారం చేయలేదు. అయినా చెప్పాను, ఆమె మొహం చూస్తూ చెప్పాను.

"ఆ కాగితం సంగతి సినిమాలో పెట్టనని నాకు ఒట్టేసినాడు పెద్దమ్మా. నీ తలమీద."

ఆమె చెయ్యి తనంతట తానే తల మీదికి పోయింది. తిరిగి వాళ్ళ ఇంటి వైపు నడిచింది. ఆ రాత్రే ఆమె కొడుక్కి ఫోన్ చేసిందని, "నేను బతికుండగానే వచ్చి నిజం సెప్పిపో" అన్నదని వీధిలో విన్నాను.

వాడు ఒక గురువారం పొద్దున కాణిపాకం వచ్చాడు. వాళ్ళమ్మ వచ్చింది. మా వీధి నుంచి పదిహేను మంది దాకా వచ్చారు, పెళ్ళి గుడ్డలు వెనక్కి తీసుకున్నామె కూడా. మా ఆయన ట్రక్కులో నన్ను తీసుకొచ్చాడు. స్నానం చేసి తడిబట్టలతో వాడు దేవుడి ఎదుట నిలబడ్డాడు. సన్నబడ్డాడు. ఎవరికీ వినపడకుండా ఏదో గొణిగాడు.

"గట్టిగా సెప్పు. థియేటర్లో గట్టిగానే ఇనబడింది" అన్నాను.

వాడు గొంతు సవరించుకున్నాడు. "కాగితంలో ఏముండాదో తెలీకుండా సంతకం పెట్టినానని అక్క నాకు సెప్పింది. తెలిసి పెట్టినట్టు, నవ్వినట్టు నేనే కల్పించినా. పెట్టనని మా యమ్మ తలమీద ఒట్టేసి, పెట్టినా."

"ఇంకోసారి" అన్నాను.

ఎవరో "చాల్లేమ్మా" అన్నారు. నేను చాలనలేదు. వాడు రెండోసారి చెప్పాడు. ఈసారి ఏడుపు వచ్చింది వాడికి. వాళ్ళమ్మ వాడి వైపు చూడలేదు, దేవుడి వైపే చూస్తూ నిలబడింది. నాకు జాలి వస్తుందేమోనని ఎదురు చూశాను. రాలేదు. సినిమాలో ఆ పిల్లను ఈడ్చినప్పుడు ఎంతమంది ఈలలు వేశారో గుర్తొచ్చింది. మూడోసారి కూడా చెప్పించేదాన్నే, పూజారి వెనక వచ్చేవాళ్ళకు దారి వదలమన్నాడు.

అప్పుడు నేను కూడా ముందుకు పోయాను. నన్నెవరూ అడగలేదు. కానీ వాడి చేత చెప్పించి నేను ఊరికే పోవడం సరి కాదనిపించింది.

"కాగితంలో ఏముండాదో నాకు తెలీదు. అది నిజం. కానీ అడగలేదు. గట్టిగా అడిగింటే ఆ గుమాస్తా సెప్పేవాడేమో. ఇంటికి పోవాలనే ఒకటే ఆశ, అందుకే అడగలేదు. ఇది కూడా నిజం."

పదిహేను మంది విన్నారు. మా ఆయన విన్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. పెళ్ళి గుడ్డలామె మళ్ళీ గుడ్డలు తెచ్చింది. కుట్టడానికి ఖాళీ లేదని చెప్పి పంపించాను. ఆ రోజు నా మిషన్ మీద ఒక్క గుడ్డ కూడా లేదు, అది ఆమెకూ కనిపించింది. పెద్దమ్మ మా ఇంటి ముందు నుంచి పోతూ తల తిప్పుకుంటుంది. అది నాకు కొంచెం గుచ్చుకుంటుంది. అయినా ఆ ఒట్టు సంగతి చెప్పకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకోను. వాడు ఇంకో సినిమా మొదలుపెట్టాడట. కాణిపాకం సంగతి ఆ సినిమావాళ్ళకు కూడా చేరిందని, వాణ్ణి కథ అడగడం మానేసి వేరేవాళ్ళ చేత రాయించుకుంటున్నారని విన్నాను. ఎవరు చేరవేశారో నన్ను అడిగితే నవ్వుతాను. ఇప్పుడు నవ్వేది నిజంగా నేనే.

కాణిపాకం నుంచి తిరిగొస్తున్నప్పుడు మా ఆయన సగం దారిలో, చెరకు తోటల మధ్య, ట్రక్కు పక్కకు ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అడిగాడు.

"ఆ డ్రైవరు ఆయప్పంటే నీకు ఇష్టమా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "ఉన్నింది" అన్నాను.

మా వెనక నుంచి వచ్చిన చెరకు ట్రాక్టరు ఒకటి హారన్ కొట్టి దాటిపోయింది.

"బతికుండాడా?"

"తెలీదు మామా."

"ఇన్ని దినాలు ఊరంతా నీ సంగతే మాట్లాడినారు. ఆయప్ప ఏమైనాడో ఒక్కరూ అడగలేదు" అన్నాడు. తర్వాత, "నేను కూడా అడగలేదులే" అన్నాడు. ట్రక్కు స్టార్ట్ చేస్తూ, "ఆ సిస్టరుకు ఒక ఉత్తరం రాయి. కనుక్కుందాం" అన్నాడు.

ఊరికి తిరిగొచ్చాక నేను కూడా అడగలేదు. సినిమా వచ్చినప్పటి నుంచీ నా పగలో పడి అతణ్ణి మరిచిపోయాను. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. మా ఆయన పక్కన కూర్చుని, అతని ఊరు పేరు, నేను గుర్తు తెచ్చుకున్నంత, చివర్లో చేర్పించాడు. చిత్తూరు పెద్ద పోస్టాఫీసుకు తానే తీసుకుపోయి వేసొచ్చాడు.

పోయిన వారం జవాబు వచ్చింది. మేమిద్దరం తలుపు దగ్గరికి వేసుకుని చదువుకున్నాం. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాం. అందులో ఏముందో ఇక్కడ రాయను. నేను రాసిన ఇది అచ్చయితే వాడు కూడా చదువుతాడు. కథలో ఆ ముక్క వాడికి దొరకనివ్వను.